విన్న మాటకు సనదు ఏది?

(గుంటూరులో గృహిణులు, విద్యార్థులు, సామాజిక కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి సభలో మాకు అప్పగించిన అంశం పాడ్‌కాస్టులు. ఇంత చిన్న విషయానికి ఒక సభ అవసరమా అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. మన చదువు, మన ఓటు, మన వక్ఫ్ ఆస్తులు, మన పొదుపు ప్రమాదంలో ఉండగా చెవిలో వైరు పెట్టుకుని వినే మాటల గురించి చర్చ ఏమిటన్నది వారి ఆవేదన. ఆ ఆవేదన న్యాయమైనదే. అయితే ఆ నాలుగింటి గురించీ నేడు మన ఇళ్లలోకి సమాచారం ఏ దారిన వస్తున్నదో ఒక్కసారి ఆలోచించండి. ఎక్కువ భాగం చెవి దారినే వస్తున్నది. వచ్చిన మాట నిజమైతే ఇంటికి మేలు జరుగుతున్నది. అబద్ధమైతే ఇల్లు నష్టపోతున్నది. అందుచేత ఇది చిన్న విషయం కాదని మనవి చేస్తున్నాము.

మూడేళ్లుగా మేము ఇరవై మందిమి కలిసి వారానికి ఒక రోజు ఏదో ఒక పాడ్‌కాస్టు విని, దాని గురించి మాట్లాడుకుంటున్నాము. మాలో దర్జీలు ఉన్నారు, ఉపాధ్యాయులు ఉన్నారు, కళాశాల విద్యార్థులు ఉన్నారు, ఇంటిపట్టున ఉండే తల్లులు ఉన్నారు. ఈ మూడేళ్లలో మేము పొందిన లాభాన్నీ, చేసిన పొరపాటునూ దాచకుండా మీ ముందు ఉంచదలచాము.

చేతికి పని, చెవికి తీరిక

మన గుంటూరు మిరపకు పేరుపొందిన నగరం. ఉదయం నుంచి సాయంత్రం వరకు మిరపకాయల తొడిమలు తీసి కూలి సంపాదించే స్త్రీలలో మన ఇళ్లవారూ ఉన్నారు. వారి చేతులకు తీరిక ఉండదు. కళ్లు పని మీదనే ఉంటాయి. చెవులకు మాత్రం తీరిక ఉంటుంది. ఫోనును ఒక స్టీలు గిన్నెలో నిలబెడితే శబ్దం కాస్త పెరిగి నలుగురికీ వినిపిస్తుందని మాకు నేర్పినవారు ఆ తల్లులే. కుట్టు మిషను ముందు కూర్చున్న సోదరికి, ఆటో నడిపే సోదరునికి, రాత్రి కాపలా ఉద్యోగం చేసే పెద్దాయనకు కూడా ఇదే వర్తిస్తుంది. పత్రిక చదివే అవకాశం లేని మనిషికి కూడా వినే అవకాశం ఉన్నది.

పాడ్‌కాస్ట్ అనే పదం 2004లో పుట్టింది. ఆ రోజులలో ఐపాడ్ అనే పాటల పరికరం ప్రజాదరణ పొందింది. దాని పేరులో సగాన్నీ, ప్రసారం అనే అర్థమిచ్చే బ్రాడ్‌కాస్ట్ అనే మాటలో సగాన్నీ కలిపి బ్రిటిష్ పాత్రికేయుడు బెన్ హామర్స్‌లీ ఒక వ్యాసంలో ప్రయోగించారు. రేడియోకూ దీనికీ ప్రధానమైన తేడా ఒకటే. రేడియోలో వచ్చిన కార్యక్రమాన్ని అది వచ్చే వేళకే వినాలి. పాడ్‌కాస్టును మనకు వీలైన వేళ వినవచ్చు, మధ్యలో ఆపవచ్చు, అర్థం కానిచోట వెనక్కు వెళ్లి మళ్లీ వినవచ్చు.

ఇంకొక విషయం కూడా గమనించాలి. పాడ్‌కాస్టు యాప్‌లో మనం ఒక కార్యక్రమాన్ని ఎంచుకుంటే దాని భాగాలన్నీ వరుసగా, పేరుతో, తేదీతో సహా మన ఫోనుకు చేరుతాయి. వాట్సాప్‌లో ఎవరో పంపిన మూడు నిమిషాల శబ్దపు ముక్కకు తేదీ ఉండదు, మొదలు ఉండదు, చివర ఉండదు, మాట్లాడినవారి పేరు కూడా చాలాసార్లు ఉండదు. ఈ రెండింటినీ మనం ఒకటే అనుకుంటున్నాము. మా అనుభవంలో నష్టమంతా ఆ పొరపాటు నుంచే వచ్చింది. ఆ సంగతి తరువాత చెబుతాము.

లిపి అడ్డు లేని పుస్తకం

తెలుగు నేల మీది ముస్లింల భాషా పరిస్థితి ప్రత్యేకమైనది. ఇంట్లో దక్కనీ మాట్లాడి, బడిలో తెలుగు మాత్రమే చదివినవారు ఉన్నారు. మదర్సాలో ఉర్దూ చదివి, తెలుగు లిపిని తడబడుతూ చదివేవారు ఉన్నారు. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల వలె ఇంటి భాషే తెలుగు అయినవారు ఉన్నారు. 2017లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా లభించింది. అయినప్పటికీ ఒకే ఇంట్లో తాతగారు చదివే పుస్తకాన్ని మనవరాలు చదవలేని స్థితి అనేక కుటుంబాలలో కనిపిస్తున్నది. మాటగా విన్నప్పుడు మాత్రం ఈ అడ్డు తొలగిపోతుంది. ఉర్దూ అక్షరం రాని పిల్లకు ఉర్దూ కథ అర్థమవుతుంది. తెలుగు అక్షరం రాని దాదీకి తెలుగు కథ అర్థమవుతుంది.

తెలుగులో రచయితలతో సంభాషణలు, కథలు వినిపించే ‘హర్షణీయం’ వంటి పాడ్‌కాస్టులు, ‘దాసుభాషితం’ వంటి శ్రవణ పుస్తకాల వేదికలు నేడు అందుబాటులో ఉన్నాయి. మన జీవితాలను చెప్పిన తెలుగు సాహిత్యం కూడా తక్కువేమీ కాదు. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ‘వతన్’ కథలు, మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన సలీం నవల ‘కాలుతున్న పూలతోట’ మన ఇళ్లలో ఎంతమందికి పరిచయం? స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు తెలుగులో వ్రాసిన గ్రంథాలను ఎంతమంది చదివాము? మా బృందంలో ‘దర్గామిట్ట కథలు’ గురించిన చర్చ విన్న ఒక ఇంటర్ విద్యార్థిని ఆ పుస్తకం తెచ్చుకుని, రాత్రి భోజనాల తరువాత తన దాదీకి రోజుకొక కథ చదివి వినిపించింది. వినడం ఆమెను చదవడం వైపు నడిపించింది. చదవడం మళ్లీ ఇంట్లో ఇంకొకరి వినికిడి అయ్యింది.

ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో పట్టభద్రులు నాలుగు శాతం కన్నా తక్కువని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తెలిపింది. ఆ తరం నేడు తల్లిదండ్రుల స్థానంలో ఉన్నది. బడి చదువు చాలినంత అందని తల్లిదండ్రులకు ఈ ప్రపంచాన్ని తెలుసుకునే తలుపు వినికిడే. అయితే అది తలుపు మాత్రమే. విని ఊరుకుంటే సరిపోదు, చదువు వైపు అడుగు పడాలి.

రాజకీయాలు: మొదటి మాట, చివరి తీర్పు

రాజకీయ విషయాలకు వద్దాము. 2020 మార్చి చివరలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ ఉదంతం మీకందరికీ గుర్తున్నది. కరోనా వ్యాప్తికి ఒక సమాజమే కారణమన్నట్లు కొన్ని టీవీ చర్చలు రోజుల తరబడి సాగాయి. మన తోపుడుబండ్లవారి దగ్గర కూరగాయలు కొనడానికి జనం వెనుకాడిన రోజులను మనం మరచిపోలేము. అదే సంవత్సరం ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, తబ్లీగ్ సమావేశానికి వచ్చిన విదేశీయులపై నమోదైన కేసులను కొట్టివేసింది. వారిని బలిపశువులను చేశారని, మాధ్యమాలలో వారిపై పెద్ద ఎత్తున దుష్ప్రచారం జరిగిందని ఆ తీర్పులో వ్యాఖ్యానించింది.

ఇప్పుడు మేము అడిగే ప్రశ్న ఇది. మార్చిలో ఆ నింద విన్నవారిలో ఎంతమంది ఆగస్టులో ఈ తీర్పు విన్నారు? మన పొరుగువారి సంగతి అలా ఉంచండి. మన ఇళ్లలోనే ఎంతమందికి ఈ తీర్పు తెలుసు? సాయంత్రపు చర్చకు మరునాటి ఉదయానికి మరొక విషయం కావాలి. పాత విషయం మీదికి తిరిగి వెళ్లి, ‘ఆనాడు అన్నది నిజమా? కోర్టు ఏమన్నది?’ అని గంటసేపు విడమరచి చెప్పే తీరిక దానికి లేదు. మంచి పాడ్‌కాస్టుకు ఆ తీరిక ఉన్నది. ‘ది హిందూ’ పత్రిక ఇచ్చే ‘ఇన్ ఫోకస్’లో ఒక అంశం మీద ఒక నిపుణుని కూర్చోబెట్టి సావధానంగా అడుగుతారు. భారత రాజకీయాలపై పరిశోధకులతో మాట్లాడే ‘గ్రాండ్ తమాషా’, ఒక్క అతిథితోనే గంటల తరబడి సంభాషించే అమిత్ వర్మ ‘ది సీన్ అండ్ ది అన్‌సీన్’ వంటివి ఇంగ్లీషు తెలిసిన మన విద్యార్థులకు ఉపయోగపడతాయి. వాటిలోని అభిప్రాయాలన్నీ మనకు సమ్మతం కానక్కరలేదు. మనతో విభేదించేవారి వాదనను పూర్తిగా విన్నవాడే దానికి సరైన సమాధానం చెప్పగలడు. మనకు నచ్చిన గొంతునే వింటూ కూర్చుంటే న్యాయస్థానంలో గానీ, కలెక్టరు కార్యాలయంలో గానీ మన వాదన నిలవదు.

స్వరానికి ఎంత బలమున్నదో చరిత్ర చెబుతున్నది. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో టుట్సీలపై నరమేధం సాగినప్పుడు ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో కేంద్రం ద్వేషాన్ని రగిలించింది. పాటల మధ్య, వేళాకోళాల మధ్య ఆ విషాన్ని కలిపి వినిపించింది. అందుకు బాధ్యులైన వారిని అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2003లో దోషులుగా తేల్చింది. మాట వల్ల జరిగిన హత్యలకు మాట్లాడినవారిని బాధ్యులుగా నిలబెట్టిన తీర్పు అది. ఈ ఉదాహరణ ఇతరుల ద్వేషాన్ని గుర్తించడానికి మాత్రమే కాదు. మన గుంపులలో ఇతర మతస్థులను కించపరిచే శబ్దపు ముక్క వచ్చినప్పుడు దానిని అక్కడికక్కడే ఆపవలసిన బాధ్యత మనకూ ఉన్నదని చెప్పడానికి.

‘స్టే వచ్చిందట’

వర్తమాన వ్యవహారాలలో సగం వినడం ఎంత ప్రమాదమో ఒక ఉదాహరణ చెబుతాము. వక్ఫ్ సవరణ చట్టానికి 2025 ఏప్రిల్ 5న రాష్ట్రపతి ఆమోదం లభించింది. వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలలలో ఎక్కించాలంటూ జూన్ 6న ‘ఉమీద్’ పోర్టల్ ప్రారంభమైంది. సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వక్ఫ్ చేయాలంటే అయిదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తూ ఉండాలన్న నిబంధనను, ఆస్తి ప్రభుత్వానిదా కాదా అని తేల్చే అధికారాన్ని అధికారికి కట్టబెట్టిన నిబంధనలను అది నిలిపివేసింది. చట్టం మొత్తాన్ని మాత్రం నిలిపివేయలేదు. నమోదు నిబంధనను ఆపలేదు.

ఆ సాయంత్రం మన ఫోన్లలో తిరిగిన మాట ఏమిటి? ‘స్టే వచ్చిందట’. అంతే. ఆ రెండు మాటలు విని, ఇక పోర్టల్‌లో వివరాలు ఎక్కించనవసరం లేదని భావించిన ఒక చిన్న మసీదు ముతవల్లిగారిని మేము ఎరుగుదుము. ఆయన అజాగ్రత్త మనిషి కాదు. మసీదుకు చెందిన దుకాణాల అద్దె లెక్కను పైసాతో సహా వ్రాసి పెట్టే మనిషి. విన్నది సగమే కావడం వల్ల మోసపోయారు. మా బృందంలో ఆ ఉత్తర్వుపై న్యాయవాదులు మాట్లాడిన నలభై నిమిషాల చర్చను విన్న ఒక విద్యార్థి ఆయన వద్దకు వెళ్లి, ఏది ఆగిందో, ఏది ఆగలేదో వివరించాడు. ఆ తరువాత ఇద్దరూ కలిసి కాగితాలు వెదకడం మొదలుపెట్టారు. గడువు పొడిగింపు కావలసినవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలని డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ ముతవల్లిగారు అప్పటిదాకా ఊరుకుని ఉంటే ఏ స్థితిలో ఉండేవారో మీరే ఊహించండి.

ఓటరు జాబితా సంగతీ అంతే. బీహార్‌లో 2025లో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణ తరువాత ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లను, తొలగింపుకు కారణాలను ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ వార్తను భయంతో వినవచ్చు, పనికి వచ్చేలా కూడా వినవచ్చు. భయంతో విన్నవాడు నలుగురికి పంపి నిద్రపోతాడు. పనికి వచ్చేలా విన్నవాడు తన ఇంటిల్లిపాది పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో చూసుకుంటాడు. పేరు లేకపోతే ఫారం 6, అక్షర దోషం ఉన్నా చిరునామా మారినా ఫారం 8. ఆ చర్చ విన్న వారంలోనే మా బృందంలోని కుటుంబాలన్నీ తమ పేర్లు సరిచూసుకున్నాయి. ఉర్దూ పేర్లను తెలుగులో, ఇంగ్లీషులో తలా ఒక విధంగా వ్రాయడం వల్ల ఆధార్‌లో ఒక పేరు, ఓటరు కార్డులో మరొక పేరు ఉన్నవారు మాలోనే అయిదుగురు తేలారు.

మేము చేసిన పొరపాటు

ఇక మా పొరపాటు. 2023లో విద్యార్థి వేతనాల గురించిన ఒక శబ్ద సందేశం మాకు వచ్చింది. మాట్లాడినాయన గొంతు గంభీరంగా ఉన్నది. ఒకటవ తరగతి నుంచే మైనారిటీ పిల్లలకు కేంద్ర ప్రభుత్వ ప్రీ మెట్రిక్ ఉపకార వేతనం ఉన్నదని, ఏ పత్రాలు కావాలో చక్కగా వివరించాడు. మేము సంతోషించి అందరికీ పంపాము. మిరప యార్డులో హమాలీగా పనిచేసే ఒక తండ్రి తన ఇద్దరు పిల్లల కోసం ఆదాయ ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవడానికి రెండు రోజుల కూలి వదులుకున్నాడు. తీరా చూస్తే ఆ పిల్లలు మూడు, అయిదు తరగతులవారు. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఆ వేతనాన్ని కేంద్రం 2022లోనే నిలిపివేసింది. ఉన్నత పరిశోధనకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేసింది కూడా ఆ సంవత్సరమే.

ఆ సందేశంలోని వ్యక్తి అబద్ధం చెప్పలేదు. అతడు మాట్లాడిన నాటికి అది నిజం. కానీ ఎప్పుడు మాట్లాడాడో మేము అడగలేదు. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ‘మీరు చెప్పారని వెళ్లాను సార్’ అన్నాడంతే. ఆ మాట మమ్మల్ని నేటికీ వదలలేదు. పథకం రద్దు కావడం ఒక అన్యాయం. రద్దయిన పథకం కోసం ఒక పేదవానిని రెండు రోజులు తిప్పడం మేము దానికి చేర్చిన రెండవ అన్యాయం. మొదటి దాని గురించి ప్రభుత్వాన్ని అడిగే హక్కు మనకున్నది. రెండవ దానికి జవాబుదారీ మేమే.

డబ్బు విషయంలో

డబ్బు గురించి మాట్లాడటం మన ఇళ్లలో ఇప్పటికీ మొహమాటమే. వడ్డీకి దూరంగా ఉండాలన్న నిష్ఠ మనలో ఉన్నది. ఆ నిష్ఠనే ఎరగా వాడుకునేవారూ ఉన్నారు. ‘వడ్డీ కాదు, లాభంలో వాటా’ అంటూ నెలనెలా ఇంత వస్తుందని మధురంగా చెప్పి, కోట్లు పోగుచేసి తలుపులు మూసిన సంస్థల కథలు హైదరాబాద్, బెంగళూరు నగరాలలో మనం చూశాము. వాటిలో డబ్బు పోగొట్టుకున్నవారిలో వితంతువులు, హజ్ యాత్రకు కూడబెట్టుకున్న వృద్ధులు ఉన్నారు.

మా బృందంలోని ఒక దర్జీ సోదరి తన కూతురి పెళ్లికి దాచిన లక్షన్నర రూపాయలను అటువంటి ఒక పథకంలో పెట్టాలనుకున్నది. ఆమె విన్న కార్యక్రమంలో ధర్మం గురించి ఎంతో చెప్పారు. రిజిస్ట్రేషన్ గురించి చెప్పలేదు. మేము ఆమెతో అన్నది ఒక్కటే: ‘ఆపా, వారి మాట విన్నాము, ఇప్పుడు వారి కాగితం చూద్దాము.’ ప్రజల నుంచి డిపాజిట్లు సేకరించే సంస్థకు అనుమతి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి, లేకుంటే ఫిర్యాదు చేయడానికి రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్ ఉన్నది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది. పెట్టుబడి సలహా ఇచ్చేవారికి సెబీ వద్ద నమోదు ఉండాలి. చీటీ వేస్తే అది 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీయా అని అడగాలి. ఆ సోదరి అడిగింది. అవతలివారు వారం రోజులు రేపు మాపు అన్నారు, ఆ తరువాత ఫోను ఎత్తడం మానేశారు. ఆమె డబ్బు ఆమె వద్దనే ఉన్నది.

ధనశాస్త్రాన్ని సులభంగా చెప్పే పాడ్‌కాస్టులు మంచివి ఉన్నాయి. అమెరికాలో 2008 నుంచి వస్తున్న ‘ప్లానెట్ మనీ’ వంటివి పెద్ద విషయాన్ని చిన్న కథగా చెబుతాయి. కానీ కార్యక్రమం మధ్యలో వచ్చే ప్రకటనకూ కార్యక్రమానికీ తేడా పిల్లలకు చెప్పాలి. ఒక పథకాన్ని పొగిడే మనిషికి ఆ పొగడ్తకు డబ్బు ముట్టిందా అని అడగడం నేర్పాలి. బ్యాంకు మూతబడితే డిపాజిట్‌పై బీమా ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల రూపాయల వరకేనని, ఆన్‌లైన్ మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలని ఇంటిలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

సనదు అడిగే సంప్రదాయం

సోదర సోదరీమణులారా, విన్నదానిని పరీక్షించడం మనకు కొత్త విద్య కాదు. మన ధార్మిక విద్యకు పునాదే అది. హదీసును స్వీకరించే ముందు ముహద్దిసులు ‘ఎవరి ద్వారా విన్నావు? అతడు ఎవరి ద్వారా విన్నాడు? వారిద్దరూ కలుసుకున్న మాట నిజమేనా? అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది?’ అని అడిగేవారు. ఆ గొలుసుకే సనదు అని పేరు. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కానప్పుడు విచారించి తెలుసుకోవాలని, లేకుంటే తెలియక ఒక జనానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరా హుజురాత్ మనకు బోధిస్తున్నది.

ఇంకొక సంఘటన చూడండి. యమామా యుద్ధంలో అనేకమంది హాఫిజులు అమరులైన తరువాత, దివ్య ఖుర్ఆన్‌ను ఒకచోట సంకలనం చేసే బాధ్యతను హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. జైద్ (రజి) స్వయంగా హాఫిజ్. తన కంఠంలో ఉన్నదానినే వ్రాసి ఉండవచ్చు. అయినా ఆయన అలా చేయలేదు. వ్రాతపూర్వకమైన ఆధారాన్ని, సాక్షులను కోరారు. వినికిడినీ వ్రాతనూ పక్కపక్కన నిలబెట్టి సరిపోల్చారు. అంతటి మహనీయుడు అంతటి జాగ్రత్త తీసుకుంటే, ఎవరో ముక్కూమొహం తెలియని గొంతు చెప్పిన మాటను మనం క్షణంలో వందమందికి పంపడం న్యాయమేనా?

ఆ హమాలీ సోదరుని ఉదంతం తరువాత మేము ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాము. ఏది విన్నా అందులో నాలుగు గడులు నింపుతాము. మొదటిది, మాట్లాడినది ఎవరు, వారికి ఆ విషయంలో ఉన్న అర్హత ఏమిటి? రెండవది, ఏ తేదీన మాట్లాడారు, ఆ తరువాత ఏమైనా మారిందా? మూడవది, వారు చూపిన కాగితం ఏది? అది చట్టమా, జీవోనా, తీర్పా, నివేదికా? నాల్గవది, విన్న మనం ఈ వారంలో చేయవలసిన పని ఏమిటి? మొదటి మూడు గడులు నిండకపోతే ఆ మాటను ఎవరికీ పంపము. నాల్గవ గడి ఖాళీగా ఉంటే ఆ వారం మేము కాలక్షేపం చేశామని ఒప్పుకుంటాము.

మన ముందున్న పని

చివరగా మూడు విన్నపాలు.

ఒకటి, ప్రతి మొహల్లాలో ఒక శ్రవణ బృందం ఏర్పడాలి. దీనికి భవనం అక్కరలేదు, చందా అక్కరలేదు. ఒక ఫోను, ఒక నోటు పుస్తకం, వారానికి ఒక గంట చాలు. నెలలో ఒక వారం పుస్తకాలు, ఒక వారం రాజకీయాలు, ఒక వారం డబ్బు, ఒక వారం వర్తమాన వ్యవహారాలు. స్త్రీలకు వీలైన వేళను ముందు నిర్ణయించి, పురుషులు ఆ వేళకు సర్దుకోవాలి. మా బృందంలో అత్యంత సూటి ప్రశ్నలు అడిగినవారు తొడిమలు తీసే తల్లులేనని సంతోషంగా చెబుతున్నాము.

రెండు, విన్నది దరఖాస్తుగా మారాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉన్నది. బీసీ ఇ జాబితాలోని మన వర్గాలకు 2007 చట్టం ద్వారా వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్లు 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా కొనసాగుతున్నాయి. ఈ విషయంపై ఎన్ని గంటల చర్చ విన్నా, మన పిల్లవాని చేతిలో కుల ధ్రువీకరణ పత్రం లేకపోతే ఆ సీటు అతనిది కాదు.

మూడు, ఎప్పుడూ వినేవారిగానే మిగిలిపోకూడదు. మన గురించి మాట్లాడే గొంతులలో మన గొంతు ఎంత? మన వృద్ధుల వద్ద ఈ ఊరి చరిత్ర ఉన్నది. దూది ఏకిన చేతుల కథ, మిరప యార్డు తొలిరోజుల కథ, పీర్ల పండుగలో హిందువులూ ముస్లింలూ కలిసి నడిచిన దారుల కథ వారితోనే వెళ్లిపోతున్నది. పిల్లలు వారి అనుమతితో ఫోనులో ఆ మాటలను నమోదు చేయాలి. పేరు, ఊరు, తేదీ మొదట్లోనే పలికించాలి. రేపు వినేవారికి మనం ఇచ్చే సనదు అది.

ఆ హమాలీ సోదరుడు నేడు ఈ సభలో వెనుక వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆయన పెద్ద కొడుకు ఇప్పుడు మా నోటు పుస్తకం వ్రాస్తున్నాడు. తేదీ లేని శబ్దాన్ని ఎవరు తెచ్చినా, అది మేము తెచ్చినా సరే, ‘ఇది ఎప్పటిది సార్?’ అని మొదట అడిగేది ఆ పిల్లవాడే. ఆ ప్రశ్న మన ప్రతి ఇంట్లో వినిపించాలని, అల్లాహ్ మనకు సత్యాన్ని విని, విచారించి, ఆచరించే శక్తిని ప్రసాదించాలని వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.